నాలుగో తొట్టి నురగ

2025 మార్చి 3, సోమవారం

లారీ వెనక్కి వచ్చింది. గుమ్మిడిపూండిలో మా బొగ్గు కొనే పార్టీ వాళ్లు దించుకోకుండానే తిప్పి పంపారు. వాళ్ల ల్యాబులో బూడిద పద్దెనిమిది శాతం. మా ప్లాంటు ల్యాబులో నేను రాసిన రిపోర్టులో పన్నెండు. పదిహేను దాటితే తీసుకునేది లేదని మొదటే చెప్పి ఉన్నారు.

నా లెక్క తప్పదు. ఒక గ్రాము బొగ్గు తూచి, ఎనిమిది వందల పదిహేను డిగ్రీల ఫర్నేసులో కాల్చి, మిగిలిన బూడిద తూస్తాను. అందులో నా ఇష్టాయిష్టాలకు చోటు లేదు. త్రాసుకు కులం లేదు, యజమాని లేడు.

సమీవుల్లా సార్, మా మేనేజరు, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. మధ్యలో ఎవడన్నా చెయ్యి పెడతా ఉండాడేమో సూడు చంద్రా అన్నాడు.

మధ్యలో చెయ్యి. ఆ మాట వదలడం లేదు.

మార్చి 4, మంగళవారం

పొద్దున సత్యవేడు బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన యాడ పని అని అడిగాడు. బొగ్గు కడిగే ప్లాంటులో అన్నాను. నవ్వాడు. బొగ్గును పాలు పోసి కడిగినా తెల్లగవతాదా అప్పా అన్నాడు. కోపం వచ్చింది. సామెతలతో బండి లాగే దేశం ఇది. దిగేదాకా ఆయనకు పాఠం చెప్పాను.

పోర్టు యార్డుల్లో మిగిలిపోయిన బొగ్గు పొడి మా దగ్గరికి వస్తుంది. పిండిలా ఉంటుంది, మట్టి కలిసి ఉంటుంది. నీళ్లలో కలిపి తొట్టిలోకి వదులుతాం. కాస్త డీజిలు, కాస్త నురగ మందు వేసి అడుగు నుంచి గాలి కొడతాం. బొగ్గుకు నీళ్లంటే పడదు. డీజిలు పూసుకుని, గాలి బుడగను పట్టుకుని పైకి తేలుతుంది. మట్టికి నీళ్లతోనే పొత్తు, కిందే ఉండిపోతుంది. పైన తిరిగే రెక్కలు ఆ నల్ల నురగను కాలువలోకి తోస్తాయి. ఇలా నాలుగు తొట్లు వరసగా. మొదటి దాంట్లో తేలనిది రెండో దాంట్లోకి, అక్కడా తేలనిది మూడో దాంట్లోకి, ఆఖరుకు నాలుగో దాంట్లోకి. అక్కడా తేలకపోతే బురద చెరువుకు.

ఆయన అంతా విని, అయితే అడుగున పడి పొయ్యేది మాబోటోళ్లేనా నాయనా అన్నాడు. జవాబు చెప్పేలోపు దిగిపోయాడు.

మార్చి 6, గురువారం

తొట్ల మీద ఆపరేటరు కుప్పయ్య. యాభై అయిదేళ్లు ఉంటాయి. ఆయనకు మీటర్లతో పని లేదు. రెక్క మీది నురగను వేలితో తీసి బొటనవేలికి రాసి చూస్తాడు. అనుమానం వస్తే నోట్లో వేసుకుంటాడు. ముందు పళ్ల మధ్య నలిపి, తల ఆడించి, ఊసేస్తాడు. ఆ పళ్లు నల్లగా, చిగుళ్ల దగ్గర గీత గీసినట్టు ఉంటాయి. మొన్నటి పుస్తకంలో ఉంది: కొలవనిది జ్ఞానం కాదు, అలవాటు. కుప్పయ్యను చూసి రాసినట్టుంది.

నెల రోజులుగా ఒకటే పాట. చంద్రప్పా, ఈ కొత్త లోడుకు నాలుగో తొట్టి కాడ నురగ బాగలేదు, ఒక్కసారి వచ్చి సూడు, పంటికింద ఇసక తగలతాది అంటాడు. నా రిపోర్టు పన్నెండు చూపిస్తోంది కుప్పయ్యా, నీ పంటి కంటే ఫర్నేసు పెద్దది అన్నాను. ఆయన నవ్వాడు. ఫర్నేసు పెద్దదే అప్పా, దానికి ఏం పెడితే అది తింటాది అన్నాడు.

నేను అరగంటకోసారి శాంపిల్ తీస్తాను. మొదటి తొట్టి పక్కన నా కుర్చీ, పైన ఫ్యాను. మిగతా మూడింటి దగ్గర గాలి ఆడదు, కింద జారుడు. శాంపిల్‌కూ శాంపిల్‌కూ మధ్య ఇరవై పేజీలు చదువుతాను. తిరుపతిలో సభలకు పోయినప్పుడల్లా కొన్న సన్న పుస్తకాలు సంచిలో ఎప్పుడూ నాలుగైనా ఉంటాయి.

మార్చి 10, సోమవారం

చూశాను.

నేను టీకి పోయి తొందరగా వచ్చేశాను. కుప్పయ్య నాలుగో తొట్టి రెక్కల నాబ్ మీద చెయ్యి వేసి తిప్పుతున్నాడు. నన్ను చూసి చెయ్యి తీశాడు. ఎందుకు తీశాడు? రెక్కలు వేగంగా తిరిగితే నురగతోపాటు బురద కూడా కాలువలో పడుతుంది. టన్నులు పెరుగుతాయి. టన్నులు పెరిగితే ఆపరేటరుకు పేరు. బూడిద పెరిగితే? అది ల్యాబువాడి నెత్తిన.

ఇప్పుడు అర్థమైంది. మధ్యలో చెయ్యి.

మార్చి 11, మంగళవారం. సాయంత్రం 5

రెండో లారీ వెనక్కి వచ్చింది. నేను చేయాల్సింది చేశాను.

రెండు గంటలకు షిఫ్టు మారే సమయం. లోపలికి వచ్చేవాళ్లూ బయటికి పోయేవాళ్లూ తొట్ల ముందే నిలబడతారు. ఖాళీ డ్రమ్ము బోర్లించి ఎక్కాను. పేరు పెట్టే చెప్పాను. మన చెమటను రెండుసార్లు వెనక్కి తెచ్చినవాడు ఇక్కడే ఉన్నాడని, నేను లేనప్పుడు నాబ్ తిప్పుతున్నాడని, శ్రమకు ద్రోహం చేసేవాడు శత్రువు కంటే హీనుడని చెప్పాను. సార్ కూడా వచ్చి నిలబడి విన్నాడు.

కుప్పయ్య నోరు తెరిచాడు. నేను నెలగా చెప్తానే ఉండా గదప్పా, నాలుగో తొట్టి కాడికి ఒక్కసారి... అన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు తెలియలేదు. బొగ్గు తిని బతికేవాడివి నువ్వు, నీ పళ్లు చూస్తేనే తెలుస్తుంది నువ్వెంత నల్లటివాడివో అన్నాను.

ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొందరు. కుప్పయ్య నోరు మూసుకున్నాడు.

పద్దెనిమిది మంది. లెక్కపెట్టాను.

మార్చి 12, బుధవారం

కుప్పయ్యను బురద చెరువు మీదికి పంపారు. గట్టు తెగకుండా పారతో మట్టి ఎత్తే పని. తొట్ల మీదికి వేరే ఆపరేటరు వచ్చాడు.

రూతు నాతో మాట్లాడలేదు. రూతు నేల కడిగే పని చేస్తుంది, తొట్ల మధ్య పైపుతో నీళ్లు కొడుతుంది. నలభై దాటింది, నోటికి అడ్డు లేదు. అలాంటి మనిషి మాట్లాడకపోతే వినపడుతుంది. నేనే పలకరించాను. నేనేం మాట్లాడేది సారూ, నువ్వు నిన్న అందరి మాటలూ నువ్వే మాట్లాడేస్తివి గదా అంది.

నిజం చెప్పినవాడికి ఒంటరితనం తప్పదు. ఇది కూడా చదివిందే.

మార్చి 15, శనివారం

టీ అంగడి దగ్గర ఎవరో బొగ్గుపళ్ల కుప్పయ్య అన్నారు. ప్లాంటు వాళ్లు కూడా కాదు, ఊరివాళ్లు. నా మాట నాలుగు రోజుల్లో గేటు దాటి ఊళ్లోకి పోయింది.

నాకు కొంచెం సంతోషం వేసింది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

మార్చి 17, సోమవారం

కుప్పయ్య పనిలోకి రావడం మానేశాడు. కబురు కూడా పంపలేదు.

మార్చి 20, గురువారం

మూడో లారీ కూడా వచ్చేసింది. పద్దెనిమిదిన్నర.

కుప్పయ్య తొట్ల దగ్గర లేక వారం దాటింది. కొత్త ఆపరేటరు నాబ్ ముట్టుకోడు, ముట్టుకోవాలంటే అతనికి భయం. నా రిపోర్టు పన్నెండే.

సార్ రంజాన్ రోజా ఉన్నాడు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కోప్పడలేదు. నువ్వు శాంపిల్ యాడ తీస్తా ఉండావు చంద్రా అని అడిగాడు. తొట్టి దగ్గర అన్నాను. ఏ తొట్టి అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మార్చి 21, శుక్రవారం

నాలుగు తొట్ల దగ్గరా విడివిడిగా తీశాను. నాలుగు గిన్నెలు, నాలుగు చీటీలు. ఫర్నేసు తలుపు మూసి గంటసేపు దాని ముందే నిలబడ్డాను. ఈరోజు పుస్తకం తీయలేదు.

ఒకటో తొట్టి 11.6.
రెండు 13.9.
మూడు 19.2.
నాలుగు 28.4.

నాలుగూ కలిపి సగం చేసి, మళ్లీ సగం చేస్తే పద్దెనిమిది పైన.

అంకెలు కూడా అవసరం లేదు. గిన్నెలు చూస్తే చాలు. మొదటి దాంట్లో బూడిద తెల్లగా, విభూతిలా ఉంది. నాలుగో దాంట్లో ఇటుక రంగు. మట్టి కాలితే ఇటుకే కదా.

మంచి బొగ్గు మొదటి తొట్టిలోనే తేలుతుంది. మిగిలిపోయి, మట్టిని అంటిపెట్టుకున్నది చివరి దాంట్లో పైకి వస్తుంది. బస్సులో ఆ పెద్దాయనకు ఇదంతా నేనే చెప్పాను. నేను చేరిన రోజు పాత ల్యాబ్ అసిస్టెంటు కూడా చెప్పి పోయాడు, నాలుగు తొట్ల నురగా కలిసి పడే కాలువ చివర గిన్నె పెట్టి తియ్యాలని. అక్కడ చిమ్ముతుంది. చొక్కా పాడవుతుంది. అక్కడ ఫ్యాను లేదు.

ఏడు నెలలుగా నేను ఫ్యాను కింది నురగను కాల్చి, అదే ప్లాంటు మొత్తం నిజమని సంతకం పెట్టాను. పాత లోడు మంచిది కాబట్టి అప్పుడు నడిచిపోయింది. ఫిబ్రవరిలో లోడు మారింది. కుప్పయ్య పంటికి తెలిసింది. నాకు తెలియలేదు.

అయితే ఆ రోజు నాబ్ మీద చెయ్యి? తగ్గిస్తున్నాడు. ఇప్పుడు వెళ్లి చూశాను. నాబ్ పక్కన పెన్సిలుతో గీసిన చిన్న గీత ఉంది, మామూలు కంటే చాలా కింద. సార్ నా రిపోర్టు చూసి, పన్నెండే గదా, రెక్కల వేగం తగ్గించొద్దు అన్నాడట, కొత్త ఆపరేటరు చెప్పాడు. కుప్పయ్య నన్ను చూసి చెయ్యి తీసింది అందుకు. నా రిపోర్టుకు భయపడి.

మార్చి 22, శనివారం

రాయడానికి ఏమీ లేదు. అబద్ధం. చాలా ఉంది.

మార్చి 25, మంగళవారం

నిన్నటి నుంచి కాలువ చివరే శాంపిల్ తీస్తున్నాను. రిపోర్టు పన్నెండు నుంచి పద్దెనిమిదికి ఎగిరింది. సార్ అడిగాడు, ఏంది ఇట్ల ఒక్కసారి అని. లోడు మారింది సార్ అన్నాను. లోడు మారిన మాట నిజమే. మారింది నెలన్నర కిందట. నిజాన్ని తెచ్చి అబద్ధానికి కప్పాను.

తర్వాత ఇంకొకటి చేశాను. నాలుగో తొట్టి రెక్కలు తగ్గిద్దాం సార్ అన్నాను. దాని నురగను కాలువలో వేయకుండా, పైపు మార్చి మళ్లీ మొదటి తొట్టిలోకే పంపుదాం, ఇంకోసారి కడిగినట్టు అవుతుంది అన్నాను. ఇది నా ఆలోచన కాదు. ఫిబ్రవరిలో కుప్పయ్య నా కుర్చీ పక్కన నిలబడి చెప్పాడు. పేజీ మధ్యలో ఉన్నానని తల ఎత్తలేదు. విన్నాను మాత్రం. అందుకే గుర్తుంది.

నాయన మా ఊరు పూతలపట్టు నుంచి ఫోన్ చేశాడు. ఏం నాయనా గొంతు అట్లుండాది అన్నాడు. జలుబు అన్నాను.

మార్చి 28, శుక్రవారం

లారీని దించుకున్నారు. వాళ్ల ల్యాబులో పదమూడున్నర.

సార్ అందరినీ తొట్ల ముందుకు పిలిచాడు. తాను రోజా ఉండి కూడా మాకు బాదుషాలు తెప్పించాడు. నా భుజం మీద చెయ్యి వేసి, దొంగను పట్టిచ్చినాడు, రోగానికి మందు కూడా కనిపెట్టినాడు, సదువుకున్నోడంటే ఇట్లుండాల అన్నాడు.

అదే చోటు. అదే పద్దెనిమిది మంది, కుప్పయ్య మాత్రం లేడు.

బాదుషా తిన్నాను. తినకుండా ఉండొచ్చు. తిన్నాను.

మార్చి 31, సోమవారం

రంజాన్. సార్ సెలవు. ప్లాంటులో సగం మందే.

కాలువ చివర గిన్నె పట్టుకుని నిలబడి ఉంటే రూతు నీళ్లు కొడుతూ వచ్చింది. నా చొక్కా వైపు చూసింది. మూడు రోజులకొకటి పాడవుతోంది. చొక్కా నల్లగయితా ఉండాదే సారూ, మునుపు తెల్లగుండేది అంది. పైపు కట్టేసింది. నేను ఈ నేల రోజుకు రెండుసార్లు కడుగుతా ఉండా, యాడ ఎవురి కాళ్ల గుర్తులు ఉంటాయో నాకు తెల్దా, నాలుగో తొట్టి కాడ నీ చెప్పుల గుర్తు మొన్నటిదాకా ఏడు నెలల్లో ఒక్కనాడూ నేను కడగలేదు అంది.

సార్‌కు చెప్తావా అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నేనెందుకు చెప్పేది, నేను చెప్తే నువ్వు దొరికినోడివి అవతావు, నువ్వు చెప్తే చెప్పినోడివి అవతావు, నీకు యాది కావాల్నో నువ్వే సూసుకో నాయనా అంది. మళ్లీ పైపు తిప్పింది.

ఏప్రిల్ 6, ఆదివారం

కుప్పయ్య ఇంటికి పోయాను. తడ ఊరికి పోయే దారిలో బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడక. దారిలో ఏం చెప్పాలో మూడు రకాలుగా అనుకున్నాను. మూడూ బాగున్నాయి. అందుకే భయం వేసింది.

మునిరత్నమ్మ, ఆయన భార్య, వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేనెవరో చెప్పగానే చేట ఆగింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆయన సరుగుడు తోపులో కూలికి పోయినాడు, కట్టె తోలు తీసేదానికి అంది. కాసేపటికి తనే మళ్లీ మొదలుపెట్టింది. అంగడికి పోతే నన్ను బొగ్గు తినేవాని పెండ్లామా, ఇంట్లో కూరాకు మీకెందుకు అంటారప్పా. నాకేం, నేను రెండు తిట్టి వస్తా. ఆ మనిషే. తెల్లారి లేస్తే ఇటుక పొడి, ఉప్పు ఏసి పండ్లు తోముతాడు. నెత్తురు కారేదాకా తోముతాడు. పోదు గదా. పద్నాలుగేండ్ల నలుపు. అన్నం తినేటప్పుడు గోడ తట్టు తిరిగి తింటా ఉండాడు, నా ముందర కూడా.

చేట మళ్లీ కదిలింది. నేను తోపు దారి పట్టాను.

కుప్పయ్య ఒక్కడే ఉన్నాడు. కొడవలితో సరుగుడు కట్టె తోలు చీలుస్తున్నాడు. ఆయనను ఏమని పిలవాలో తెలియలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా అన్నా అనలేదు. సమానత్వం అనుకున్నాను. రూతును అక్కా అంటాను, సార్‌ను సార్ అంటాను, ఆయన్ను మాత్రం పేరుతో పిలిచేవాణ్ణి. ఇది ఇవాళే తట్టింది.

అన్నా, తప్పు నాది అన్నాను. మొదటి తొట్టి దగ్గరే తీశాను, నువ్వు చెప్పినా రాలేదు అన్నాను. మిగతా రెండు రకాల మాటలూ మరిచిపోయాను.

ఆయన కట్టె తిప్పి రెండో పక్క తోలు తీశాడు. నాతో మాట్లాడేటప్పుడు ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అది నాకు తెలిసిందే గదప్పా, తెలిసినోని కాడికి వచ్చి చెప్పేదానికి ఇంత దూరం ఎందుకు నడిస్తివి అన్నాడు. ఆ దినం తెలియనోళ్లు పద్దెనిమిది మంది నిలబడుకోని విన్యారు, మాట యాడ పారేస్తివో ఆడ ఎదుక్కోవాల గానీ తోపులో ఎదికితే దొరుకుతాదా అన్నాడు.

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం తీయకుండానే తల ఊపాడు, ఇంక పొమ్మన్నట్టు. ఎండగుండాది, బిన్నా పో, బస్సు పోతాది అన్నాడు.

ఏప్రిల్ 7, సోమవారం

రేపు చదవడానికి ప్రకటన రాశాను. ఆత్మవిమర్శ. నాలుగు పేజీలు. చిన్నప్పటి నుంచి నాలో ఉన్న తొందరపాటు, చదువు తెచ్చిన అహంకారం, ఈ వ్యవస్థ మనుషుల్ని ఎలా ఒకరి మీదికి ఒకరిని ఎగదోస్తుంది. బాగా వచ్చింది. మధ్యాహ్నం రూతక్కకు చదివి వినిపించాను.

చీపురు మీద చెయ్యి ఆనించి మొత్తం విన్నది. బాగుండాది నాయనా, చర్చిలో సాక్ష్యం చెప్పినట్టే ఉండాది, దాంట్లో కుప్పయ్య పేరు ఎన్ని తూర్లు వచ్చె అని అడిగింది.

లెక్కపెట్టాను. ఒక్కసారి. నేను అనే మాట ముప్పై ఏడు సార్లు.

ఏప్రిల్ 8, మంగళవారం

చెప్పలేదు. డ్రమ్ము దాకా పోయాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఈరోజూ చెప్పలేదు. సార్ ఆఫీసులో లేడు, ఆయన ఉన్నప్పుడు చెప్పడమే న్యాయం అనుకున్నాను. ఒంటిగంటన్నరకు సార్ వచ్చాడు. అప్పుడు గొంతు పట్టింది అనుకున్నాను.

నాలో ఒకడు ఉన్నాడు. నేను ఏ పని ఎగ్గొట్టినా వాడు పుస్తకంలో వాక్యం వెతికి ఇస్తాడు. ఇన్నాళ్లూ వాణ్ణే ఆదర్శం అనుకున్నాను.

ఏప్రిల్ 10, గురువారం. మధ్యాహ్నం 3

చెప్పాను.

డ్రమ్ము ఎక్కలేదు. కింద నిలబడే చెప్పాను. గుర్తున్నంతవరకూ ఇవే మాటలు: కుప్పయ్యన్న ఏ తప్పూ చేయలేదు. ఆయన నాబ్ పెంచలేదు, తగ్గించాడు. నేను శాంపిల్ తీయాల్సిన చోట తీయలేదు, ఫ్యాను కింద కూర్చుని మొదటి తొట్టిలోనే తీశాను. మూడు లారీలు వెనక్కి వచ్చింది నావల్ల. నాలుగో తొట్టి నురగ మళ్లీ కడగాలని కనిపెట్టింది కుప్పయ్యన్న, నేను కాదు. ఆయన పళ్ల మీద నేను అన్న మాట తప్పు, ఆ పళ్లు చెప్పిందే నిజం, నా రిపోర్టు అబద్ధం.

ఆ రోజు ముందుగా నవ్వినవాడు ఎవరో ఇప్పుడు తెలిసింది, అతనొక్కడే నేల చూశాడు. ఇంకొకడు, అయితే ఆ బాదుషాలు కుప్పయ్యవి గదప్పా, నువ్వు తినేస్తివే అన్నాడు. కొందరు నవ్వారు. నాకు ఆ నవ్వు చాలదనిపించింది.

తర్వాత సార్ గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. నాతో ముందు ఈ గదిలో చెప్పి ఉంటే పోయేది గదా, నీ కాగితం సూసి నేను పద్నాలుగేండ్ల మనిషిని బురదలోకి తోసినా, ఇప్పుడు అందరి ముందర నేను కూడా తోసినోణ్ణే అన్నాడు. అవును సార్ అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా మొహానికి సిగ్గు రెండుపక్కల నుంచీ తెచ్చినావు అన్నాడు.

ఆయన సిగ్గు కూడా నాదే. ఇది లెక్కలో వేసుకోలేదు.

ఏప్రిల్ 12, శనివారం

ల్యాబు తాళం తీసుకున్నారు. పని నుంచి తీసేస్తారనుకున్నాను. సార్ నిన్న సాయంత్రం తానే కుప్పయ్యన్న ఇంటికి పోయాడట. మునిరత్నమ్మ సార్‌ను కూడా కూర్చోమనలేదట. రూతక్క చెప్పింది, చెప్తూ చాలా సంతోషపడింది.

కుప్పయ్యన్న వస్తానన్నాడు. ఒక మాట అడిగాడట. ఆ పిల్లోణ్ణి నాలుగో తొట్టి కాడ నాకు హెల్పరుగా ఏస్తేనే వస్తా అన్నాడట.

కక్షా, దయా? రెండు గంటలు ఆలోచించాను. అది కూడా నా గురించిన ఆలోచనే.

ఏప్రిల్ 14, సోమవారం

కుప్పయ్యన్న వచ్చాడు. మొహానికి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు, కళ్లు మాత్రమే కనిపిస్తాయి. దుమ్ముకు అందరం కట్టుకుంటాం, ఆయన ఎప్పుడూ కట్టుకునేవాడు కాదు. అందరూ పలకరించారు. బాగుండావా మామా, తోపులో గాలి బాగుండె గదా అన్నారు. తల ఊపాడు.

నాకు పని చూపించాడు. చేత్తోనే, సైగలతోనే. రెక్కలు ఎక్కడ పట్టేస్తాయి, నురగ జిగటగా ఉంటే మందు ఎంత తగ్గించాలి. రోజంతా నాలుగు మాటలు అన్నాడేమో. బొటనవేలికి నురగ రాసి చూస్తున్నాడు. నోటి దాకా పోవడం లేదు. రెండుసార్లు చెయ్యి లేచింది, తువ్వాలు దగ్గర ఆగి కిందికి దిగింది.

పద్నాలుగేళ్ల అలవాటు నేను ఒక్క మాటతో మాన్పించాను. పద్దెనిమిది మంది ముందు చెప్పినా అది తిరిగి రాలేదు.

ఏప్రిల్ 17, గురువారం

కొత్త లోడు. ఇంకా మట్టి. ల్యాబు రిపోర్టు రావడానికి రెండు గంటలు పడుతుంది, అంతలోపు లారీ సగం నిండిపోతుంది. కుప్పయ్యన్న బొటనవేలికి రాసి రాసి చూశాడు. మట్టి ఎంతో తేల్చుకోలేకపోయాడు. పంటికి తెలిసినంత వేలికి తెలియదు.

అటూ ఇటూ చూశాడు. మనుషులున్నారు. తువ్వాలు దించలేదు.

ఏప్రిల్ 21, సోమవారం

కుప్పయ్యన్న వేలి మీద నురగ తీసి నా వైపు చాచాడు.

నా నోట్లో వేసుకున్నాను. డీజిలు వాసన. ముందు పళ్ల మధ్య నలిపాను. ఇసక. ఉందన్నట్టు చెయ్యెత్తాను. ఆయన నాబ్‌ను పెన్సిలు గీత దాకా దించాడు.

రెండు గంటలకు షిఫ్టు మారేటప్పుడు అందరూ వచ్చారు. నల్లటి నోరు కడుక్కోకుండా వాళ్ల ముందు నిలబడ్డాను.